పెద్దవాళ్ల నడక మందగించిందా? వయసే కదా అని వదిలేయకండి.. గుండెకీ లింకుంది!

"వయసు మీద పడింది, నీరసం మామూలే.." ఇంట్లో పెద్దాయన అడుగులో అడుగు వేస్తుంటే మనం అనేసే మాట ఇది. డాక్టర్లు మాత్రం అంత తేలిగ్గా తీసుకోరు. ఈ నీరసానికో పేరుంది.. ఫ్రెయిల్టీ. దానికీ, గుండె జబ్బుకీ ఉన్న లింకుల్లో ఒకటి మన కణాల్లోనే ఉంది.

కణం ఎన్నాళ్లైనా విభజన చెందుతూ పోదు. దానికో లెక్క ఉందని 1961లో అమెరికా శాస్త్రవేత్త లియోనార్డ్ హేఫ్లిక్ చూపించారు. ల్యాబ్‌లో పెంచిన మనిషి కణాలు దాదాపు 50 విభజనల తర్వాత ఆగిపోయాయి. క్రోమోజోమ్ కొసల్లో ఉండే టెలోమియర్లు ప్రతిసారీ కాస్త అరగడమే ఇందుకు ముఖ్య కారణం. ఈ టెలోమియర్ల పరిశోధనకే 2009లో ముగ్గురికి నోబెల్ వచ్చింది.

ఆగిన కణం చచ్చిపోతే గొడవే లేదు. కొన్ని చావవు, అక్కడే తిష్ట వేస్తాయి. అందుకే వీటిని జాంబీ కణాలంటారు. ఊరికే కూర్చోకుండా ఇన్‌ఫ్లమేషన్ పుట్టించే రసాయనాలు వదులుతుంటాయి. రక్తనాళాల్లో పోగైతే నాళాలు గట్టిపడి, కొవ్వు పేరుకునే ముప్పు పెరుగుతుంది. అదే ఇన్‌ఫ్లమేషన్ కండనూ కరిగిస్తుంది. గుండె నీరసిస్తే నడక తగ్గుతుంది, నడక తగ్గితే కండ ఇంకా పోతుంది.. ఇదో విషవలయం.

మరి ఫ్రెయిల్టీని ఎలా గుర్తించాలి? 2001లో డాక్టర్ లిండా ఫ్రైడ్ బృందం 5 లక్షణాలు చెప్పింది. ప్రయత్నించకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలకు పైగా తగ్గడం, ఎప్పుడూ అలసట, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలికలు తగ్గడం. మూడుంటే ఫ్రెయిల్టీ, ఒకటో రెండో ఉంటే దాని ముందు దశ.

నడకను చూసి నవ్వుకోకండి. 70 దాటి గుండె ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లపై 2010లో వచ్చిన ఓ స్టడీలో, 5 మీటర్లు నడవడానికి 6 సెకన్లు, అంతకంటే ఎక్కువ పట్టినవాళ్లకు మరణం లేదా పెద్ద సమస్యల ముప్పు సుమారు మూడింతలు కనిపించింది.

జాంబీ కణాలను తీసేస్తే? 2011లో ఎలుకల్లో చేసి చూశారు, ముసలితనపు లక్షణాలు కొన్ని ఆలస్యమయ్యాయి. మనుషుల్లో ఇంకా ట్రయల్సే. ఆన్‌లైన్‌లో 'యాంటీ ఏజింగ్' అని అమ్మే మాత్రలకు డబ్బు తగలేయొద్దు. ఇప్పటికి పనిచేస్తుందని గట్టిగా తెలిసింది కండకు పని చెప్పే వ్యాయామం, దానికి తోడు చాలినంత ప్రోటీన్. గుండె జబ్బుంటే డాక్టర్‌ని అడిగాకే మొదలెట్టాలి.

అన్నట్టు, చెకప్‌కి తీసుకెళ్లినప్పుడు బీపీ, షుగర్ రిపోర్టులతో పాటు ఈ ముక్క కూడా చెప్పండి.. పోయినేడాది గుడిదాకా ఆగకుండా నడిచిన నాన్న, ఇప్పుడు దారిలో ఎన్నిసార్లు కూర్చుంటున్నారో.