కాన్రాడ్ ఇంటి ఇల్లాలు

ఫోర్డ్ మాడక్స్ ఫోర్డ్ అని ఒక ఇంగ్లీషు నవలాకారుడు. 1908లో ‘ఇంగ్లిష్ రివ్యూ’ పత్రిక పెట్టి, డి.హెచ్. లారెన్స్ లాంటి కొత్తవాళ్ల రచనలు వేసిన సంపాదకుడు కూడా. తోటి నవలాకారుల మీద పుస్తకాలు రాశాడు. హెన్రీ జేమ్స్ మీద ఆయన బతికుండగానే ఒకటి. నన్ను పట్టుకున్నది మాత్రం జోసెఫ్ కాన్రాడ్ మీద రాసింది.

1898లో కాన్రాడ్ కుటుంబం ఫోర్డ్ దగ్గర పెంట్ ఫామ్ అనే ఇల్లు అద్దెకు తీసుకుంది. మగవాళ్లిద్దరూ కలిసి నవలలు రాసుకున్నారు. 1903లో వచ్చిన ‘రొమాన్స్’ అందులో ఒకటి. వంటావార్పూ, పసివాడూ, భర్త రాసినదానికి టైపు కొట్టడం, ఇవన్నీ జెస్సీ కాన్రాడ్ పనులు. తర్వాత మోకాలు దెబ్బతిని ఏళ్ల తరబడి అవస్థ పడింది కూడా.

1924 ఆగస్టులో కాన్రాడ్ పోయాడు. ఆ ఏడాది దాటకముందే ఫోర్డ్ పుస్తకం వచ్చేసింది! తేదీలూ వివరాలూ కాదు, మనసులో మిగిలిన ముద్రే ముఖ్యమని ఆయన వాదన. చదవడానికి హాయిగానే ఉంటుంది. కానీ ఆ ఇంట్లో రోజూ పొయ్యి వెలిగించిన మనిషికి ఎలా ఉంటుంది చెప్పండి? జెస్సీ ఊరుకోలేదు. టైమ్స్ లిటరరీ సప్లిమెంట్‌కు ఉత్తరం రాసి ఖండించింది. 1926లో తానే భర్త గురించి ఒక పుస్తకం రాసింది, 1935లో మరొకటి.

ఆవిడ కోపంలో పాత ఉక్రోషమూ కొంత ఉందనుకోండి. ఫోర్డ్ అంటే ఆవిడకు మొదటినుంచీ పడదు.

అన్నట్టు, 1923లోనే జెస్సీ వంటల పుస్తకం ఒకటి వచ్చింది. దానికి ముందుమాట రాసింది కాన్రాడే.