దేవదాసు గేటు నుంచి ఎన్‌సీసీ గేటు దాకా

"నేను పోయాక తెలుస్తుందిలే" అనే మాట వినకుండా పెరిగిన తెలుగువాళ్లు తక్కువ. కంచం ముందు అలిగి లేచిపోయిన తాత అంటాడు. చాకిరీ చేసి చేసి విసిగిపోయిన అమ్మ అంటుంది. విన్నవాళ్లు "ఏం మాటలవి, ఊరుకో" అని కసిరి వదిలేస్తారు. కానీ ఆ చిన్న మాటలో ఓ పూర్తి కథ ఉంది. ఒకరు పోతారు, మిగిలినవాళ్లకి వాళ్ల విలువ తెలిసొస్తుంది, తెలిసి ఏడుస్తారు. ఆ మాట అన్నవాళ్లకి నిజంగా కావాల్సింది పోవడం కాదు, ఆ తర్వాత జరిగేది. చిక్కేంటంటే అది చూడ్డానికి పోయినవాళ్లు ఉండరు.

ఆ చిక్కుని సినిమా విప్పేసింది. హీరో ప్రాణం పోయాక కూడా కెమెరా తిరుగుతూనే ఉంటుంది. ఎవరు పరిగెత్తుకొచ్చారో, ఎవరు కుప్పకూలారో, ఏ తండ్రి తల దించుకున్నాడో అన్నీ చూపిస్తుంది. పోయినవాడు చూడలేనిదంతా వాడి బదులు మనం చూస్తాం. టికెట్ కొని మనం కూర్చున్నది వాడి సీట్లోనే. తెలుగు తెర మీద ఆత్మహత్య చరిత్రంటే చాలావరకు ఆ సీటు చరిత్రే అని నాకనిపిస్తుంది.

మొదట చెప్పుకోవాల్సింది 1953 నాటి 'దేవదాసు'. వేదాంతం రాఘవయ్య దర్శకత్వం, అక్కినేని, సావిత్రి. చట్టం లెక్కలో దేవదాసుది ఆత్మహత్య కాదు. తెలిసి తెలిసీ, తాగి తాగి, వాయిదాల మీద చేసుకున్నది. చివరికి ఎడ్లబండిలో దుర్గాపురం చేరి పార్వతి ఇంటి ముందు పడిపోతాడు. వచ్చింది ఎవరో తెలిసి పార్వతి పరిగెత్తుతుంది, గేటు మూసుకుపోతుంది. ఆ పరుగు దేవదాసు చూడలేదు, మనం చూశాం. బతికుండగా దక్కని ప్రేమ, చచ్చాక ఇంత స్పష్టంగా ఋజువైన సన్నివేశం తెలుగు సినిమాలో అంతకుముందు లేదనే చెప్పొచ్చు.

శరత్ నవల 1917లో అచ్చయింది. దాని చివర రచయిత నేరుగా పాఠకుడితో మాట్లాడతాడు. ఇలాంటి అభాగ్యుడెవరైనా ఎదురైతే కాస్త జాలిపడమనీ, ఇలాంటి చావు ఇంకెవరికీ రాకూడదనీ ఆయన మనవి. అంటే శరత్ అడిగింది దయ. మనం తీసుకున్నది వేషం: మాసిన గడ్డం, భుజాన శాలువా, పక్కన కుక్క. "వాడు దేవదాసు అయిపోయాడ్రా" అన్న మాట ఇవాళ్టికీ ప్రతి కాలేజీ హాస్టల్లో వినబడుతుంది. ఓ మనిషి లోపల్లోపల కుంగిపోతున్నాడని చెప్పడానికి మన భాషలో అందరికీ అర్థమయ్యే మాట బహుశా ఇదే. కానీ అది వినగానే మనం నవ్వుతాం. పక్కవాడి పరిస్థితేంటో కనుక్కోవాల్సిన క్షణంలో నవ్వడం అలవాటు చేసింది ఆ వేషమే.

పాతికేళ్ల తర్వాత, 1978లో, బాలచందర్ 'మరోచరిత్ర' తీశాడు. విశాఖ తీరం, తమిళ అబ్బాయి బాలు, తెలుగమ్మాయి స్వప్న. అందరూ రంగుల్లో తీస్తున్న రోజుల్లో నలుపు తెలుపు సినిమా. మద్రాసులో డబ్బింగ్ కూడా లేకుండా ఏడాదికి పైగా ఆడింది. దేవదాసు ఒంటరిగా పోయాడు, వీళ్లు జంటగా పోయారు. ఏడాది పాటు దూరంగా ఉండాలన్న పెద్దల షరతు ఓపిగ్గా నెగ్గుకొచ్చిన జంట, సరిగ్గా కలుసుకునే వేళకి బతకరు. కథలో వాళ్లని దెబ్బతీసేది పైవాళ్ల దౌర్జన్యం. కానీ జనానికి గుర్తుండిపోయింది దౌర్జన్యం కాదు, సముద్రం ముందు ఆ ఇద్దరూ. ప్రేమ నెగ్గాలంటే చావాలి, చస్తే చరిత్ర అవుతుంది. పేరులోనే ఉంది కదా ఆ హామీ.

ఈ సినిమానే హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా 1981లో వచ్చింది. నిర్మాత మన ఎల్.వి. ప్రసాద్. ముగింపు మార్చి ప్రేమికుల్ని బతికించమని ఆయనకి రాజ్‌కపూర్ సలహా ఇచ్చాడని సినిమావాళ్లు చెప్పుకుంటారు. మార్చలేదు, సినిమా దేశమంతా ఆడింది. ఆ తర్వాత ప్రేమజంటల ఆత్మహత్యల వార్తలొచ్చాయి. సినిమాకీ వాటికీ సంబంధం ఉందా అని అప్పట్లోనే చర్చ కూడా నడిచింది.

అదే 1981లో ఏడిద నాగేశ్వరరావు నిర్మాతగా భారతీరాజా 'సీతాకోకచిలుక' తీశాడు. ఇక్కడా సముద్రమే, ఇక్కడా కులమూ మతమూ అడ్డొచ్చిన చిన్న వయసు ప్రేమే. చివర్లో అబ్బాయి జంధ్యం తెంచేస్తాడు, అమ్మాయి మెడలో సిలువ తీసేస్తుంది, ఇద్దరూ కలిసి వెళ్లిపోతారు. తెగాల్సింది దారమే గానీ ప్రాణం కాదని ఆ సినిమా చెప్పింది. జాతీయ అవార్డు వచ్చింది, జనమూ చూశారు. కాబట్టి "విషాదాంతం లేకపోతే ప్రేమకథకి బరువుండదు" అనే వాదన 1981లోనే వీగిపోయింది. ఆ సంగతి మనవాళ్లు పట్టించుకోలేదు, అంతే.

"సినిమా చూసి ఎవరైనా చచ్చిపోతారా?" అని దర్శకులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కొంచెం పాతది. 1774లో గోథే 'వెర్థర్' నవల వచ్చినప్పుడు యూరప్‌లో కుర్రాళ్లు ఆ హీరోలాగే బట్టలేసుకు తిరిగారు. కొందరు అతనిలాగే ప్రాణాలు తీసుకున్నారన్న భయంతో లైప్‌జిగ్‌లో నవలనే నిషేధించారు. రెండొందల ఏళ్ల తర్వాత, 1974లో, డేవిడ్ ఫిలిప్స్ అనే సామాజిక శాస్త్రవేత్త పత్రికల మొదటి పేజీ వార్తల తర్వాత ఆత్మహత్యలు పెరగడాన్ని లెక్కకట్టి 'వెర్థర్ ఎఫెక్ట్' అని పేరు పెట్టాడు. 2017లో నెట్‌ఫ్లిక్స్ '13 రీజన్స్ వై' విడుదలయ్యాక అమెరికా టీనేజర్లలో ఆత్మహత్యలు పెరిగాయని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. దానికి ఆ సిరీస్ ఒక్కటే కారణమని తేల్చలేం. అయినా 2019లో ఆ సన్నివేశాన్ని వాళ్లే తీసేశారు. నాకర్థమైనంతలో సినిమా ఎవరికీ చావడానికి కారణం ఇవ్వదు. అప్పటికే ఉన్న బాధకి ఓ ఆకారం ఇస్తుంది, అర్థం ఇస్తుంది, చూసేవాళ్లున్నారన్న భ్రమ ఇస్తుంది.

ఇప్పుడు తార్నాక సంగతికొస్తాను. 2009 చివర్లో నేను అక్కడో అద్దె గదిలో ఉండేవాణ్ణి. తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియాలోకి వెళ్తే ఆర్ట్స్ కాలేజీ, ఇంకా ముందుకెళ్తే విద్యానగర్ వైపు ఎన్‌సీసీ గేటు. నవంబరు 29 తర్వాత క్యాంపస్ మొత్తం ఉద్యమమే. టియర్ గ్యాస్ వాసన గదుల దాకా వచ్చేది. డిసెంబరు 9న తెలంగాణ ప్రకటన వచ్చింది, 23న వెనక్కి పోయింది. ఆ రెండు తేదీల మధ్య ఆశ ఎంత పైకి లేచిందో, తర్వాత అంత లోతుకి పడింది. వరసగా చావు వార్తలు మొదలయ్యాయి. 2010 ఫిబ్రవరి 20న, చలో అసెంబ్లీ రోజున, ఎన్‌సీసీ గేటు దగ్గర పోలీసుల ముందు, టీవీ కెమెరాల ముందు ఓ కుర్రాడు ఆత్మాహుతికి పాల్పడ్డాడు.

ఆ పూట టీ కొట్టు టీవీలో ఆ దృశ్యం ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. ఓ చానెల్లో వెనకాల విషాద సంగీతం కూడా కలిపారు. అక్కడ నిలబడ్డవాళ్లెవరూ మాట్లాడలేదు. కొందరు ఏడ్చారు. నాకు ఇప్పటికీ గుర్తున్నది ఆ దృశ్యం కాదు, ఆ సంగీతం. ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. విన్నదే. మన సినిమాల చివరి రీలు అంతా అదే. ఓ నిజమైన పిల్లాడి నొప్పి సాయంత్రానికల్లా క్లైమాక్స్ అయిపోయింది, మేమంతా మళ్లీ ఆ సీట్లో కూర్చున్నాం.

ఆ పిల్లలు సినిమాలు చూసి పోయారని ఎవరైనా అంటే అది అన్యాయం. వాళ్ల వెనక దశాబ్దాల నియామకాల బాధ ఉంది, 1969లో తూటాలకి బలైనవాళ్ల జ్ఞాపకం ఉంది, ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్న ప్రభుత్వం ఉంది. నేనంటున్నది వేరు. చావుని ఓ వాదనగా, వినని వాళ్లకి వినిపించే ఆఖరి మైకుగా చూడ్డం మనకి అప్పటికే అలవాటైపోయింది. ఉద్యమ నాయకులు "చావొద్దు, బతికి కొట్లాడదాం" అని వేదికల మీద వేడుకోవాల్సి వచ్చింది. కానీ అదే వేదిక మీద పోయినవాళ్ల పాటలు పాడాలి, ఫొటోలకి దండలు వెయ్యాలి. వెయ్యకపోతే ద్రోహం, వేస్తే ఇంకొకడికి పిలుపు. ఈ ముడి విప్పడం ఎవరి వల్లా కాలేదు.

మన భాషలోనూ ఈ ముడి ఉంది. ఉద్యమంలో పోతే 'ఆత్మబలిదానం'. ప్రేమలో పోతే 'ప్రేమజంట విషాదాంతం'. రైతు పోతే 'అప్పుల బాధ తాళలేక'. పరీక్ష పోయిన పిల్లాడైతే 'మనస్తాపంతో క్షణికావేశంలో అఘాయిత్యం'. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళంలో 20 మందికి పైగా పిల్లలు చనిపోయినప్పుడు రోజూ చదివాం ఆ వాక్యం. ఒక్కో చావుకి ఒక్కో కారణం, ఒక్కో కారణానికి ఒక్కో రెడీమేడ్ వాక్యం. బతుకులో అలా ఉండదు. అప్పు, అవమానం, నిద్ర లేకపోవడం, వైద్యం అందని జబ్బు, మాట్లాడే మనిషి లేకపోవడం ఒకదాని మీదొకటి పేరుకుంటాయి. వాటిలో ఏ ఒక్కటి తప్పించినా మనిషి నిలబడే అవకాశం ఉంటుంది. ఒకే కారణం చూపించే కథ ఆ అవకాశాలన్నిటినీ దాచేస్తుంది.

రైతు చావు తెరకెక్కిన తీరు చూడండి. 1997-98లో వరంగల్ పత్తి రైతుల చావులతో మొదలైన విషాదం మనది. 2017 నాటి 'ఖైదీ నంబర్ 150'లో వృద్ధ రైతులు ప్రాణాలు తీసుకున్నాకే మీడియా వాళ్ల ఊరి వైపు చూస్తుంది. దర్శకుడి ఉద్దేశం మీడియాని నిలదీయడమే. కానీ కథ నడిచే లెక్క మాత్రం పాతదే: పోయారు కాబట్టి తెలిసింది. నిజానికి ఎంతమంది పోయినా తెలియలేదు కదా. పోయిన రైతు ఇంట్లో మిగిలేది అదే అప్పు. సంతకం పెట్టాల్సింది ఇప్పుడు భార్య. ఆ మర్నాటి కథ ఏ కమర్షియల్ సినిమా చెప్పింది?

మర్నాడు. నాకు ఈ చరిత్రలో కనబడే పెద్ద ఖాళీ అదే. మన సినిమా చావుతో ముగుస్తుంది, మిగిలినవాళ్లకి కథ అక్కడే మొదలవుతుంది.

ఆ ఖాళీని కొద్దోగొప్పో పూరించిన సినిమాలు లేకపోలేదు. 'గీతాంజలి' (1989)లో ఇద్దరికీ చావు ఖాయమే, అయినా మణిరత్నం చావు చూపించడు, బతికినన్నాళ్లు బతకడాన్ని చూపిస్తాడు. 'అర్జున్ రెడ్డి' (2017) ఆడవాళ్లని చూపించిన తీరు మీద నాకు పేచీ ఉంది. కానీ అతను అచ్చంగా దేవదాసే, గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చిన దేవదాసు. నానమ్మ, స్నేహితుడు శివ వదలకపోవడం వల్ల వచ్చాడు. '35 చిన్న కథ కాదు' (2024)లో లెక్కల్లో ఫెయిలైన పిల్లాడి పక్కన, పదో తరగతి తప్పిన అమ్మ పుస్తకం తెరుచుకుని కూర్చుంటుంది. ఇంటర్ ఫలితాలప్పుడు ఈ రాష్ట్రం చూడాల్సిన దృశ్యం అది.

2010లో ఆస్ట్రియా పరిశోధకులు వెర్థర్ ఎఫెక్ట్‌కి జోడీగా ఇంకోటి కనిపెట్టారు. చావు అంచు దాకా వెళ్లి, ఎలాగో నెట్టుకొచ్చి బతికినవాళ్ల కథలు ఎక్కువగా వచ్చినప్పుడు ఆత్మహత్యలు తగ్గినట్టు గమనించారు. మొజార్ట్ ఒపెరాలో, ఆశ వదులుకున్న పపగేనోకి ముగ్గురు పిల్లలు ఇంకో దారి గుర్తుచేస్తారు. అందుకే దాన్ని 'పపగేనో ఎఫెక్ట్' అన్నారు. చట్టం కూడా మారింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లని నేరస్తులుగా కాక తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడమంది. 2019లో ప్రెస్ కౌన్సిల్ పత్రికలకి నియమాలు పెట్టింది. అదే ఏడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సినిమా, నాటకాల వాళ్ల కోసం విడిగా ఓ పుస్తకమే వేసింది. స్క్రిప్టు రాసేవాళ్లకి ఇప్పుడు తెలియదనే సాకు లేదు.

ఇవాళ ఎన్‌సీసీ గేటు దగ్గర మామూలు ట్రాఫిక్. క్యాంపస్ చెట్ల కింద గ్రూప్స్‌కి చదివే పిల్లలు, తార్నాక మెట్రో మెట్ల మీద బ్యాగులతో ఇంకొందరు. వాళ్లలో ఎవరో ఒకరు ఈ పూట కూడా "నేను పోయాక తెలుస్తుందిలే" అనే ఉంటారు, బహుశా నవ్వుతూనే. ఆ మాట వింటే కసిరి వదిలెయ్యకండి. "ఏం తెలియాలి? ఇప్పుడే చెప్పు, వింటా" అని పక్కన కూర్చోండి. ఆ మాట అనుకుంటున్నది మీరే అయితే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అది, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. తెలియాల్సినవాళ్లకి తెలియాలంటే చెప్పడానికి మీరుండాలి.