డార్విన్ కొట్టేసుకున్న వాక్యం

కేంబ్రిడ్జికి ఆన్‌సైట్ వచ్చిన రెండో ఏడాది, ఏప్రిల్లో ఒక ఆదివారం మా టీములోని పెద్దాయన నన్ను హేలీ వుడ్ అనే అడవికి లాక్కెళ్ళారు. అడవి అంటే మన నల్లమల అనుకునేరు, మహా అయితే 50 హెక్టార్లు. లోపలంతా లేత పసుపు పూలు. "ప్రిమ్‌రోజ్ కదండీ?" అన్నాను ఫోటో తీస్తూ. కాదట, ఆక్స్‌లిప్ అట. పోనీ కౌస్లిప్‌కే ఇంకో పేరా అంటే అదీ కాదు. మూడూ ఏటేటా పాత వేరు నుంచే చిగురించే ప్రిమ్యులాలు, చూడ్డానికి అక్కచెల్లెళ్ళు. (అన్నట్టు, పాత ఇంగ్లీషులో కౌస్లిప్ అంటే ఆవుపేడ. అంత అందమైన పువ్వుకి ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో!)

ఇంటికొచ్చి చదివితే, నాకన్నా ముందు లిన్నేయస్ కూడా ఇక్కడే తడబడ్డాడని తెలిసి కాస్త ఊరట కలిగింది. 1753లో ఆయన మూడింటినీ ప్రిమ్యులా వేరిస్ అనే ఒకే జాతి కింద మూడు రకాలుగా వేసేశాడు. మన భాషలో చెప్పాలంటే డూప్లికేట్ రికార్డుల మెర్జ్. నా మొదటి ప్రాజెక్టులో నేనూ ఈ ఘనకార్యం చేశాను. పేరూ, పుట్టినరోజూ ఒకటే ఉన్న ఇద్దరు కస్టమర్లని ఒకరిని చేసేశా. ఒకాయన బిల్లు ఇంకొకాయనకి వెళ్ళింది. విడదీయడానికి రెండు రాత్రులు పట్టింది. ఈ పూలకి వందేళ్ళు దాటింది.

ఎందుకంత కాలం? సాక్ష్యం బలంగా కనపడింది కాబట్టి. 1830లో కేంబ్రిడ్జి ప్రొఫెసర్ హెన్‌స్లో, కౌస్లిప్ గింజలు నాటితే ప్రిమ్‌రోజ్‌ని పోలినవీ, మధ్యరకాలూ మొలిచాయని, కాబట్టి అన్నీ ఒకటేనని రాశాడు. ఈయన ఎవరో కాదు, డార్విన్ గురువు. శిష్యుడు కూడా 1859 నాటి జాతుల పుట్టుక పుస్తకంలో ప్రిమ్‌రోజ్, కౌస్లిప్ ఒకే జాతిలో రకాలేనని, దానికి ప్రయోగాల సాక్ష్యం కావలసినంత ఉందని అచ్చేశాడు.

కానీ ఆ గింజలకి తండ్రి ఎవరు? తేనెటీగలు, చిమ్మటలు ఏ పుప్పొడి తెచ్చి వేశాయో ఎవరూ కాపలా కాయలేదు. డార్విన్ ఆ కాపలా కాశాడు. మొక్కల మీద వల కప్పి, తన చేత్తో పుప్పొడి అద్ది, గింజలు లెక్కపెట్టాడు. అంతకుముందే 1862లో, ఈ మొక్కల్లో కీలం పొడుగువీ, పొట్టివీ రెండు రూపాలున్నాయని, ఒక రూపం పుప్పొడి రెండో రూపానికి అందితేనే గింజ నిండుగా కడుతుందని తేల్చాడు. ఆ లెక్క తెలియకపోతే ఏ ప్రయోగమైనా తప్పుదారి పట్టేదే.

అసలు చిక్కు ఆక్స్‌లిప్ అన్న పేరులో ఉంది. ఆ ఒక్క పేరుతో రెండు వేరు మొక్కలు తిరుగుతున్నాయి. ఇంగ్లండంతా కనిపించే మామూలు ఆక్స్‌లిప్ ఒకటి; ఎసెక్స్‌లోని గ్రేట్ బార్డ్‌ఫీల్డ్‌ది రెండోది. ఈ రెండోది వేరే జాతి అని 1842లోనే డబుల్‌డే అనే ఆయన చెప్పాడు. చుట్టుపక్కల ప్రిమ్‌రోజ్ లేనిచోట వేలకొద్దీ పూస్తుంటే హైబ్రిడ్ ఎలా అవుతుంది మరి? మామూలుదేమో డార్విన్ చేతిలో గింజలు దాదాపు కట్టలేదు. అది కౌస్లిప్, ప్రిమ్‌రోజ్‌ల సంకరం. 1868 మార్చిలో లిన్నియన్ సొసైటీలో ఆయన పేపరు చదివారు: మూడూ మూడు జాతులే. తొమ్మిదేళ్ళ క్రితం రాసిన వాక్యాన్ని తనే కొట్టేసుకున్నాడన్నమాట. నాకైతే పరిణామవాదం కన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

గుర్తులు పెద్దాయన చెప్పారు. ప్రిమ్‌రోజ్‌లో ఒక్కో పువ్వుకీ నేల నుంచే ఒక్కో కాడ. కౌస్లిప్‌లో ఒకే కాడకి గుత్తి, చిన్న ముదురు పసుపు పూలు, గొంతులో నారింజ చుక్కలు. అసలు ఆక్స్‌లిప్‌లో గుత్తంతా ఒక పక్కకే వాలుతుంది, పువ్వు గొంతులో మడతలుండవు.

తిరిగొస్తుంటే రోడ్డు గట్టు మీద ఒక గుత్తి కనిపించింది. పూలు అన్ని వైపులకీ తిరిగున్నాయి. "ఇది దొంగది" అన్నాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని గొంతులో మడతలు చూసి తలూపారు. పదడుగుల దూరంలో కౌస్లిప్ దొరికింది. ప్రిమ్‌రోజ్ కోసం చీకటిపడేదాకా వెతుకుతూనే ఉన్నాం.