టోపీ లేని నావికుడు

బ్రిటన్‌లో ఎన్నో ఇళ్ళలో వాణిజ్య నౌకల్లో పనిచేసిన తాతగారి పాత ఫోటో ఉంటుంది. దాన్ని ఎలా చదవాలో మనం చూద్దాం. 1918లో నిర్ణయించిన యూనిఫాంలో అధికారి టోపీ మీద లంగరు, ఆకుల దండ, పైన కిరీటం ఉంటాయి. లంగరుకు బదులు జెండా ఉంటే, అది ఆయన పనిచేసిన కంపెనీది. చేతి అంచున బంగారు పట్టీల మధ్య ఊదా రంగు ఉంటే ఇంజనీరు.

అయితే మామూలు నావికుల్లో చాలామందికి యూనిఫామే లేదు. యుద్ధకాలంలో ఒడ్డున మామూలు బట్టల్లో కనబడితే పిరికివాళ్ళనుకునేవారు. అందుకే 1940లో 'ఎం.ఎన్.' అక్షరాల చిన్న వెండిరంగు బ్యాడ్జీ ఇచ్చారు. సముద్రమే సమాధి అయిన దాదాపు 24,000 మంది రెండో ప్రపంచ యుద్ధ నావికుల పేర్లు లండన్ టవర్ హిల్ స్మారకం మీద ఉన్నాయి. టోపీ లేదని ఎవరి సేవనూ తక్కువ చేయవద్దు. కోటు మీద ఆ చిన్న బ్యాడ్జీ కోసం వెదకుదాం.