మహల్ కూలింది, బయాజ్ మిగిలింది

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. పెళ్లి ఎప్పుడో అయింది, ఇప్పుడు ఇల్లు చూస్తున్నాం. గుంటూరులో మా పాత మిద్దె పడగొట్టే ముందు అటక మీది ట్రంకు పెట్టె దించాం. అందులో దాదాజాన్ బయాజ్ దొరికింది. నచ్చిన షేర్లు, దగ్గుకి యునానీ నుస్ఖాలు, పత్తి అమ్మిన లెక్కలు, పిల్లలు పుట్టిన తారీఖులు, అన్నీ ఒకే పుస్తకంలో రాసుకున్నారు. వెనక పాతిక పేజీలు చెదలు తినేశాయి. మిగిలినవి చదవగలిగేది ఇంట్లో అమ్మీ, నేను మాత్రమే. పిల్లలకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, హర్ఫ్‌లు రావు.

ఆ పుస్తకం చేతిలో పెట్టుకుని కూర్చున్నప్పుడు నాకు ముహమ్మద్ కులీ కుతుబ్ షా గుర్తొచ్చాడు. మన ఊళ్లకు ఆయనేమీ పరాయివాడు కాదు. కొండవీడు 1580 ప్రాంతంలో కుతుబ్ షాహీల చేతికి వచ్చింది. పాత ఫార్సీ కాగితాల్లో గుంటూరు సర్కారుకి ముర్తజానగర్ అని పేరు. నిజాంపట్నం రేవులో, అప్పట్లో తెల్లవాళ్లు పెటపోలి అన్న చోట, డచ్చివాళ్లు 1606లోనే కోఠీ పెట్టారు. మన చిరివేరు ఎరుపు, నీలి రంగు, నేత బట్ట అక్కడ ఓడ ఎక్కేవి. తర్వాతి రోజుల్లో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో అరవై వేలమంది దాకా పనిచేస్తున్నారని ఫ్రెంచి జవాహరీ టావెర్నియే రాశాడు. గోల్కొండ సోకులన్నిటి వెనక మన మట్టి, మన కూలీల చెమట ఉన్నాయి. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

ముహమ్మద్ కులీ 1580లో పదిహేనేళ్ల వయసుకి తఖ్తు ఎక్కాడు, 1612లో ఇంతిఖాల్ అయ్యాడు. ఆ ముప్పై రెండేళ్లలో మూడు షౌఖ్‌లు ఒకేసారి నడిపాడు. మొదటిది కట్టడం. 1591లో చార్మినార్, దాని చుట్టూ కొత్త షహర్. రెండోది షాయిరీ. ఏభై వేల షేర్లు చెప్పాడంటారు. అందులో దక్కనీ భాగం చదివితే మన నానీమా మాట్లాడినట్టే ఉంటుంది. బసంతం, మిర్గం, ఈద్, ముహర్రం, చివరికి కూరగాయల మీద కూడా నజ్మ్‌లున్నాయి. మూడోది ముసవ్విరీ. తన దీవాన్‌కి బంగారు హాషియాలు వేయించి, బొమ్మలు గీయించాడు. అలాంటి ఒక నుస్ఖా ఈరోజుకీ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది.

ఆ బొమ్మ వెనక పని గురించి ఒక మాట. పల్చటి కాగితాలు నాలుగైదు జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించి, ఆరాక గవ్వతోనో అకీక్ రాయితోనో రుద్ది నున్నగా చేస్తారు. దాన్ని వస్లీ అంటారు. రంగులు రాళ్లనుంచి, నీలి ఆకునుంచి. నూరి, బంక కలిపి, ఉడుత తోక వెంట్రుకల కుంచెతో చుక్కలు చుక్కలుగా పెడతారు. అరచేయంత బొమ్మకి వారాలు పడుతుంది. ఒకరే చేసే పని కూడా కాదు. కాతిబ్ రాస్తాడు, నక్కాష్ హాషియా వేస్తాడు, ముసవ్విర్ బొమ్మ గీస్తాడు, జిల్ద్‌సాజ్ కుడతాడు. వీళ్లందరూ కూర్చునే చోటు కుతుబ్‌ఖానా. మనం లైబ్రరీ అనుకునే చోటు అప్పట్లో కార్ఖానా కూడా.

ఇలా చాలా పనులు నెత్తిన వేసుకున్న మనిషి సుల్తాన్ ఒక్కడే కాదు. ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ మరీను. ఇరాన్‌లో షాహ్ తహ్మాస్ప్ కొడుకుకి ఉస్తాదుగా ఉండి, 1581లో గోల్కొండ చేరాడు. రాజ్యం లెక్కలు చూస్తూనే కొత్త షహర్ నఖ్షాలో చెయ్యి పెట్టాడు. షేర్లు రాశాడు. తూనికలు, కొలతల మీద రిసాలా మిక్దారియా అని ఒక కితాబ్ రాశాడు. మీర్‌పేట, సైదాబాద్‌లు వెలయించాడు. చివరికి అందరికోసం ఖబరస్తాన్‌కీ జాగా చూపించి, 1625లో అక్కడే పడుకున్నాడు. దాన్నే దాయిరా మీర్ మోమిన్ అంటున్నాం. మా మేస్త్రీ అడుగుకీ గజానికీ తేడా మీద నాతో వాదించిన ప్రతిసారీ ఆ కొలతల కితాబ్ గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ముహమ్మద్ కులీ తన మహళ్ల మీద నజ్మ్‌లు రాసుకున్నాడు. ఖుదాదాద్ మహల్, సజన్ మహల్, హైదర్ మహల్, కోహెతూర్. పేర్లు తప్ప ఈరోజు ఒక్క మహలూ లేదు. కోహెతూర్ ఉన్న గుట్ట మీదే తర్వాత ఫలక్‌నుమా లేచిందంటారు. ఆ రాయి, గచ్చు, పలకలు అన్నీ పోయాయి. మిగిలింది కాగితం. గోడ కన్నా కాగితం గట్టిది కాదు కదా, మరి ఎలా మిగిలింది?

నఖల్ వల్ల. ఆయన అల్లుడు, వారసుడు ముహమ్మద్ కుతుబ్ షా 1616లో కలాం అంతా ఒకచోట చేర్చి, ముందుమాట కూడా నజ్మ్‌లోనే రాశాడు. ఒక నుస్ఖా ఒక ఇంట్లో, ఇంకోటి ఇంకో ఇంట్లో ఉండిపోయాయి. 1687లో గోల్కొండ పడింది. ఖజానా చెల్లాచెదురైంది. ముసవ్విర్లు పొట్ట చేతబట్టుకుని ఎవరి దారిన వాళ్లు పోయారు. దక్కన్ పాదుషాల బొమ్మలు కొన్ని డచ్చివాళ్ల చేతుల మీదుగా ఆమ్‌స్టర్‌డామ్ చేరాయి. అక్కడి మేయర్ విట్సెన్ పేరున్న ఆల్బమ్ ఇప్పుడు రైక్స్‌మ్యూజియంలో ఉంది. మన రేవులనుంచి పోయిన సొత్తు ఫోన్‌లో చూస్తుంటే సంతోషమూ వేస్తుంది, కడుపూ మండుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ భారం ఒక ప్రొఫెసర్ నెత్తికెత్తుకున్నారు. డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్. 1931లో హైదరాబాద్‌లో ఇదారా అదబియాతె ఉర్దూ పెట్టారు. ఇళ్లల్లో సందూకుల అడుగున పడి ఉన్న మఖ్తూతాత్ అడిగి తెచ్చారు, ఒక్కొక్కదానికీ వివరం రాసి జిల్దులు జిల్దులుగా అచ్చేశారు. 1940లో ముహమ్మద్ కులీ కుల్లియాత్ అచ్చులోకి తెచ్చారు. మీర్ మోమిన్ జీవిత చరిత్రా ఆయన కలంలోదే. ఏళ్ల తరబడి ఆ ఖజానా అంతా ఆయన సొంత ఇంట్లోనే ఉంది. పుస్తకాలు ఇల్లు నింపేస్తే ఏ బీబీ అయినా ఏమంటుంది? ఆయన బేగం తహనియతున్నిసా, తానూ షాయిరా, పుస్తకాల ఇల్లు కట్టడానికి తన జాగా ఇచ్చారు. పంజాగుట్టలో ఐవానె ఉర్దూ అలా లేచింది. చరిత్రలో ఆమె పేరు ఒక వాక్యంలో దాటేస్తారు. నా లెక్కలో ఆమెదే పెద్ద పని.

మా ఇంటి సంగతికి వస్తాను. పెద్దబ్బాయి ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ తెచ్చి, రెండు హార్డ్ డిస్కులు పెట్టి ఇంటి సర్వర్ అంటున్నాడు. ఏది దాచినా రెండింటిలోనూ రాసుకుంటుందట. ఒకటి చెడినా రెండోది ఉంటుంది. మరి ఇల్లే మునిగితే అన్నాను. ఒంగోలులో ఫుప్ఫూ వాళ్లింట్లో ఇంకో డిస్కు పెడదాం అబ్బా అన్నాడు. కాతిబ్‌లు చేసిన పనే కదా అనిపించింది. బయాజ్ పేజీలు ఫోటోలు తీసి అందులో పెట్టాం. కానీ ఫోటో ఉన్నంత మాత్రాన చదువు రాదు. అందుకని ఆదివారాలు అమ్మీ చదువుతుంటే చిన్నది తెలుగు లిపిలో రాస్తోంది. మొదటివారం ఒక పేజీ, అందులో సగం పత్తి లెక్కలే. ‘మణుగు’ దగ్గర ఆగి, అంటే ఎన్ని కిలోలు అని అడిగింది. అమ్మీ చెప్పలేకపోయింది, నేనూ చెప్పలేకపోయాను. అదే పిల్ల యూట్యూబ్ చూసి వస్లీ చెయ్యబోయి, మైదా జిగురు ఎక్కువై కాగితానికి బూజు పట్టించింది. మళ్లీ మొదలుపెట్టింది.

నిన్న మేస్త్రీ వచ్చి, హాల్లో గూడు ఎంత లోతు పెట్టమంటారు సాబ్, టీవీకేనా అన్నాడు. టీవీకి కాదు, పుస్తకాలకి, పక్కన ఒక ప్లగ్ కూడా కావాలన్నాను. చెదలు పట్టకుండా నేలనుంచి రెండడుగులు పైకి కట్టమని అమ్మీ లోపలినుంచే కేకేసింది.