ప్రోటీన్లలో అమైనో ఆమ్లాల స్పర్శలు: పరిశీలన చరిత్ర

ప్రోటీన్ ఒక పొడవాటి గొలుసు. గొలుసులో చేరిన ఒక్కో అమైనో ఆమ్లాన్ని అవశేషం అంటారు. పక్కదానితో బంధం ఏర్పడేటప్పుడు ఒక నీటి అణువు బయటికి పోతుంది, మిగిలింది అవశేషం. ఈ గొలుసు మడతలు పడి తనదైన ఆకారానికి వచ్చేసరికి, వరసలో ఎక్కడెక్కడో ఉన్న అవశేషాలు పక్కపక్కకు చేరతాయి. చీర మడత పెడితే కొంగు వెళ్లి లోపలి చెంగు మీద పడినట్టే ఇది. ఇలా దగ్గరపడిన జతలను గుర్తించి, లెక్కపెట్టి, వాటి ద్వారా ప్రోటీన్ ఎలా నిలబడుతుందో, ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడమే స్పర్శల విశ్లేషణ. పరిశోధకుల వాడుకలో ఇవి కాంటాక్టులు.

ఎంత దగ్గరికి వస్తే తాకినట్టు? దీనికి ప్రకృతి గీత గీసి ఇవ్వలేదు, పరిశోధకుడే గీసుకోవాలి. అందుకే ఈ రంగం చరిత్ర చాలామటుకు కొలబద్దల చరిత్ర. కొలత ఆంగ్‌స్ట్రామ్‌లలో ఉంటుంది. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు.

మద్రాసులో మొదలైన లెక్క

మొదటి కొలబద్ద ఒక వివాదంలోంచి పుట్టింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి 1954లో కొలాజెన్‌కు మూడు పేటల నిర్మాణాన్ని ప్రతిపాదించారు. చర్మానికి, ఎముకకు, స్నాయువులకు బలాన్నిచ్చే ప్రోటీన్ అది. మరుసటి ఏడాది వారే ఆ నమూనాను మెరుగుపరిచి, మూడు పేటలూ ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగినట్టు చూపించారు. అలెగ్జాండర్ రిచ్, ఫ్రాన్సిస్ క్రిక్ దీనిపై అభ్యంతరం లేవనెత్తారు. నమూనాలో కొన్ని పరమాణువులు ఉండదగిన దూరం కన్నా దగ్గరగా ఉన్నాయన్నారు.

రామచంద్రన్ మాటకు మాట చెప్పి ఊరుకోలేదు. ఉండదగిన దూరం అసలు ఎంత అని వెతకడం మొదలుపెట్టారు. అప్పటికి తెలిసిన చిన్న అణువుల స్ఫటిక నిర్మాణాలను తిరగేసి, ఏ రెండు పరమాణువులు ఎంతవరకు దగ్గరికి రాగలవో పట్టిక కట్టారు. ప్రతి జతకూ రెండు హద్దులు పెట్టారు. మామూలుగా ఉండే కనీస దూరం ఒకటి, అరుదుగా మాత్రమే సాధ్యమయ్యే అంతిమ దూరం మరొకటి. రెండు కార్బన్లకు ఇవి 3.2, 3.0 ఆంగ్‌స్ట్రామ్‌లు. సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి 1963లో ప్రచురించిన రామచంద్రన్ చిత్రపటం ఈ పట్టిక మీదే నిలబడింది. గొలుసు ఏయే కోణాల్లో మెలిక తిరిగితే పరమాణువులు ఢీకొనవో ఆ పటం చూపుతుంది. ఇప్పటికీ కొత్తగా తేల్చిన ప్రోటీన్ నిర్మాణాన్ని దానితో సరిచూస్తారు. కొలాజెన్‌లో ప్రతి మూడో స్థానంలో గ్లైసీన్ ఎందుకుండాలో కూడా స్పర్శల లెక్కే చెబుతుంది. మూడు పేటలు కలిసే నడిమి చోటు ఇరుకు, అక్కడ పార్శ్వశాఖగా, అంటే గొలుసు నుంచి పక్కకు పొడుచుకొచ్చే భాగంగా, ఒక్క హైడ్రోజన్ మాత్రమే ఉన్న గ్లైసీన్ తప్ప మరొకటి పట్టదు.

ముద్ద నుంచి చుక్కల పటం దాకా

జాన్ కెండ్రూ బృందం 1958లో, కండరాల్లో ఆక్సిజన్‌ను నిల్వ ఉంచే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఆకారాన్ని 6 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూపింది. పేగుచుట్టలాంటి ఆ ముద్ద చూసినవారికి నిరాశే మిగిలింది. అందులో అవశేషాలు విడివిడిగా కనిపించవు. 1960లో 2 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టత వచ్చాకే 153 అవశేషాల గొలుసులో ఏది దేని పక్కనుందో చెప్పే వీలు కలిగింది.

ఆ తొలినాళ్లలో స్పర్శ ఎంత పని చేయగలదో కైమోట్రిప్సిన్ చూపింది. మన పేగుల్లో ఆహారపు ప్రోటీన్లను తెంపే ఎంజైమ్ ఇది. వరసలో 57వ హిస్టిడిన్, 102వ అవశేషం, 195వ సెరీన్ దూరదూరంగా ఉంటాయి. మడతలో మూడూ ఒకచోట చేరతాయి. రసాయన పద్ధతిలో వరస తేల్చినప్పుడు 102వ స్థానంలో ఆస్పరజీన్ ఉందని నమోదైంది. కేంబ్రిడ్జ్‌లో డేవిడ్ బ్లో బృందం నిర్మాణాన్ని చూసినప్పుడు హిస్టిడిన్ పక్కన, లోపల పూడిపోయిన ఆ అవశేషం అనుమానం రేపింది. మళ్లీ పరీక్షిస్తే అది ఆస్పార్టిక్ ఆమ్లమని తేలింది. 1969లో ఈ సవరణ ప్రచురితమైంది. పక్కనున్నది ఎవరో చూసి, పేరు తప్పు రాశారని పట్టుకున్నారన్నమాట.

1970 నాటికి ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ ఫిలిప్స్, ఆ వెంటనే జపాన్‌లో కెన్ నిషికావా, తత్సువో ఓయి ప్రోటీన్‌ను కాగితం మీద చదునుగా పరిచే దారి కనిపెట్టారు. అడ్డంగానూ నిలువుగానూ అవే అవశేషాల సంఖ్యలు వేసి, దగ్గరగా ఉన్న ప్రతి జతకూ ఒక చుక్క పెడితే స్పర్శపటం తయారవుతుంది. చుక్కల ముగ్గు చదవడం వచ్చినవాళ్లకు ఇది కష్టం కాదు. కర్ణం వెంట మందపాటి పట్టీ కనిపిస్తే గొలుసు స్ప్రింగులా చుట్టుకున్న ఆల్ఫా సర్పిలం. కర్ణానికి సమాంతరంగా గీత ఉంటే పక్కపక్కన చాచుకుని ఒకే దిశలో నడిచే బీటా పోగులు, అడ్డంగా కోసే గీత ఉంటే ఎదురెదురు దిశల్లో నడిచేవి. ప్రోటీన్‌ను ఎటు తిప్పినా పటం మారదు. ఈ గుణాన్నే ఆసరా చేసుకుని లీసా హోమ్, క్రిస్ సాండర్ 1993లో నిర్మాణాలను పోల్చే డాలీ పద్ధతిని రూపొందించారు.

1971లో బ్రూక్‌హేవెన్‌లో ప్రోటీన్ డేటా బ్యాంక్ మొదలయ్యేనాటికి అందులో ఉన్నవి 7 నిర్మాణాలే. నిల్వ పెరిగేకొద్దీ గణాంకాలకు దారి తెరుచుకుంది. తమిళనాడులో పి. మనవాళన్, పి.కె. పొన్నుస్వామి ఒక్కో అవశేషం చుట్టూ 8 ఆంగ్‌స్ట్రామ్‌ల గోళం గీసి, అందులో నీటికి దూరంగా ఉండే ఇరుగుపొరుగు ఎంతో 1978లో లెక్కగట్టారు. 20 రకాల అమైనో ఆమ్లాల మధ్య 210 రకాల జతలు సాధ్యం. ఏ జత ఎంత తరచుగా తాకుతుందో చూసి, దాన్నుంచి ఆ జతకు ఎంత ‘ఇష్టమో’ శక్తి రూపంలో రాబట్టిన మియాజావా, జెర్నిగన్‌ల పట్టిక 1985లో వచ్చింది. వారి హద్దు 6.5 ఆంగ్‌స్ట్రామ్‌లు, అదీ పార్శ్వశాఖల కేంద్రాల మధ్య. పార్శ్వశాఖలో మొదటిదైన బీటా కార్బన్ల మధ్య 8 అని తర్వాత బాగా పాతుకుపోయిన హద్దు వేరు. అందుకే రెండు పత్రాల్లోని స్పర్శల సంఖ్యలను పోల్చేముందు హద్దు ఎక్కడ గీశారో చూడకపోతే పప్పులో కాలేసినట్టే.

ఒక్క స్పర్శ కొత్తగా పుట్టినా ప్రాణం మీదికి రావచ్చు. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లోనూ కనిపించే సికిల్ సెల్ వ్యాధిలో హీమోగ్లోబిన్ బీటా గొలుసు 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ ఉంటుంది. ఆక్సిజన్ వదిలేసిన స్థితిలో ఆ వాలీన్ పొరుగు హీమోగ్లోబిన్‌లోని 85వ ఫినైల్‌అలనిన్, 88వ ల్యూసీన్ చేసే గుంటలో ఇమిడిపోతుంది. అలా ఒకదానికొకటి అతుక్కుంటూ పోగులు కట్టి ఎర్ర రక్తకణాన్ని కొడవలిలా వంచేస్తాయి.

ఎదురు దారి

ఇంతవరకు నిర్మాణం ముందు, స్పర్శలు తర్వాత. దీన్ని తిరగేసినవారు జ్యూరిక్‌లో కుర్ట్ వుత్రిచ్. దాదాపు 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపున్న హైడ్రోజన్ జతలను ద్రావణంలోనే పట్టిచ్చే ఎన్ఎమ్ఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం) సంకేతాల నుంచి ఆయన బృందం 1980ల మధ్యలో ఒక చిన్న ప్రోటీన్ నిర్మాణాన్ని తేల్చింది. స్ఫటికం అక్కర్లేదు. ఈ కృషికి ఆయనకు 2002లో నోబెల్ వచ్చింది.

మరి ప్రయోగమే లేకుండా, వరసలు మాత్రమే చూసి స్పర్శలను ఊహించగలమా? ఆలోచన తేలికే. తాకుతున్న రెండింటిలో ఒకటి పెద్దదిగా మారితే, రెండోది చిన్నదైతేనే చోటు సరిపోతుంది. కాబట్టి వేర్వేరు జీవుల్లో అదే ప్రోటీన్ వరసలను పక్కపక్కన పెట్టి, జంటగా మారే స్థానాలను వెతకాలి. 1994లో సాండర్, వాలెన్సియా తదితరులు ఇలాగే ప్రయత్నించారు. ఫలితాలు అంతంతమాత్రం. ఒకటోది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని తాకితే, ఒకటీ మూడూ తాకకపోయినా కలిసి మారినట్టు కనబడతాయి. ఈ పరోక్ష బంధుత్వాలను ఏరివేసే ఉపాయం భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. 2009లో మార్టిన్ వైగ్ట్ బృందం, 2011లో ఫారూక్ మోర్కోస్, డెబొరా మార్క్స్ బృందాలు గణాంక భౌతికశాస్త్రపు నమూనాలతో అసలు జతలను విడదీసి చూపాయి. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. ఆ తర్వాత వచ్చిన పేరుగాంచిన కంప్యూటర్ ప్రోగ్రామ్‌లకు పునాది ఇక్కడ పడింది.

ఈ రెండు ప్రయత్నాల నడుమ కాలంలోనే బెంగళూరు ఐఐఎస్‌సీలో సరస్వతి విశ్వేశ్వర, స్పర్శలను గ్రాఫ్‌గా చూసి పార్శ్వశాఖల గుంపులను గుర్తించే పద్ధతిని 1999లో ఎన్. కన్నన్‌తో కలిసి ప్రచురించారు. ప్రోటీన్‌ను వలలా చూసే పరిశోధనలకు ఇది తొలి అడుగుల్లో ఒకటి.

2017లో జిన్‌బో షు బృందం లోతైన నాడీజాలాలతో (డీప్ న్యూరల్ నెట్‌వర్క్‌లతో) స్పర్శపటాన్ని ఒక బొమ్మలా ఊహించింది. 2018లో ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్ మరో అడుగు వేసి, తాకుతుందా తాకదా అన్న ప్రశ్ననే పక్కన పెట్టింది. 2 నుంచి 22 ఆంగ్‌స్ట్రామ్‌ల మధ్య దూరాన్ని 64 అరలుగా విభజించి, ప్రతి జతా ఏ అరలో పడే అవకాశం ఎంతో చెప్పింది. దశాబ్దాల తరబడి వాదులాడుకున్న హద్దు గీత ఇక అవసరం లేకపోయింది. రెండేళ్ల తర్వాత వచ్చిన రెండో ఆల్ఫాఫోల్డ్ వరస నుంచి నేరుగా త్రిమితీయ నిర్మాణాన్నే ఇచ్చింది. నిర్మాణ ఊహలకు 1994 నుంచి పరీక్షగా నడుస్తున్న కాస్ప్ పోటీ, 2022లో స్పర్శల ఊహ విభాగాన్ని ఎత్తివేసింది. ఆ ఏడాది నిర్వాహకులు దృష్టి పెట్టిన కొత్త విభాగాల్లో ప్రోటీన్లకు మందుల అణువులు అతుక్కునే తీరు ఒకటి.