బడియు, ఊరును



బడిలో పిల్లలు తగ్గిరనగానే మనము పంతులనో, పిల్లలనో నిందింతుము. రెండువందల యేండ్ల క్రిందట ఒక కలెక్టరు ఈ ప్రశ్నకే జవాబును బడిగోడలకు వెలుపల వెదకెను. రామగిరి ప్రాంతపు పెద్దలకు ఆ వృత్తాంతము వినదగినది.

నాడు రామగిరి నిజాము ఏలుబడిలో నుండెను. నిజాము 1800లో ఇంగ్లీషు కుంపిణీకి ఒసగిన దత్తమండలములలో బళ్ళారి యొకటి. అది తెనుగువారును కన్నడిగులును కలసియుండు సీమ. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లాలన్నింట బడులను లెక్కింప నాజ్ఞాపించెను. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో తన లెక్కను పంపెను. జనసంఖ్య 9,27,857, బడులు 533, చదువువారు 6,641. అనగా వేయిమందికి ఏడుగురు. బడులలో కన్నడపువి 235, తెనుగువి 226.

ఇసుకలో వ్రేలితో దిద్దించుటను, పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించుటను క్యాంబెల్ మెచ్చుకొనెను. అర్థమెరుగక వల్లించుటను గర్హించెను. కాని బడుల క్షీణతకు మూలము జనుల పేదరికమేయని వ్రాసెను. సీమగుడ్డలు దిగుటచే నేతపని తగ్గెను. స్వదేశప్రభువుల కొలువులు పోగా, వారు ఊళ్ళలో వెచ్చించు ధనమును పోయెను. పసివాని చేతులును కూలికి కావలసివచ్చెను. పంతులకు నెలకు పావు రూపాయి ఇచ్చుటయు తండ్రికి భారమయ్యెను.

మగ్గమాగిన బడి యాగునని ఎవరూహింతురు? ఊరొక వస్త్రము, బడి అందులో నొక పోగు. ఒక పోగు తెగిన ప్రక్కపోగులును వదులగును. అంతేకాదు, చదువులేని యింట అప్పుపత్రము చదువగలవారుండరు. అందువలన పేదరికము మరల పెరుగును. కార్యమే తిరిగి కారణమగును.

మన్రో 1826లో కలెక్టరేటునకు రెండు, తాసీలునకు ఒకటి చొప్పున సర్కారు బడులను ప్రతిపాదించెను. అట్లు పెట్టిన బడులు 1836లో ఎత్తివేయబడెను. పైనుండి ఒక పోగు చేర్చినంతమాత్రమున వస్త్రము బాగుపడదు.

నేడు రామగిరి చుట్టును సింగరేణి గనులు కలవు. గని వచ్చిన కొందరికి కొలువు వచ్చును, కొందరికి పొలము పోవును. ఒకచోట ఊరు తరలును, వేరొకచోట కాలనీ వెలయును. వీనిలో ప్రతిదాని ఫలమును బడికి తగులును. కావున బడి చిక్కినపుడు పంతులనొక్కనినే అడుగకుడు. ఏ యింట పని పోయెను, ఏ బాట దూరమయ్యెను, ఎవరి బిడ్డ కూలికి పోవుచున్నది అని ఊరినంతయు విచారింపుడు.